గాలికి ఒదిగిన తోకరేకు

శంకరంపేటలున్న మా సాయవ్వక్కకు, మెదక్ నుంచి నీ తమ్ముడు నర్సింలు దండం పెట్టి రాసేది. నేను మంచిగున్న. నువ్వు, బావ, పిల్లలు మంచిగున్నరా? నీ మోకాలు నొప్పి తగ్గిందా? ఒకపాలి దవాఖానకు పో అక్కా, ఆల్సెం చెయ్యకు.

కొత్తల మస్తు బుగులైంది. కిరాయి అర్రల ఒక్కన్నే, నా వంట నాకే నోట్లకు పోకపోయేది. ఇప్పుడు పక్కింటి మరియమ్మవ్వ జొన్నరొట్టె చేసిన్నాడు నాకు రెండు పంపుతది. నా గురించి ఫికరు పెట్టుకోకు.

మా వర్క్‌షాపు ఖిల్లా గుట్ట కింద ఉంటది. అక్కడ దేవదానం సారు కరెంటు తీసే గాలిమర నిలబెట్టిండు, కుట్టుపని నేర్చుకునే ఆడోళ్లకు బల్బులు వెలగాలెనని. గాలి జోరైతే వెనుక తోకరేకు ఒక దిక్కు మలిగి, చక్రం విరగకుంట దాన్ని గాలి ఎదురు నుంచి పక్కకు తిప్పాలె. తోకను గుంజి పట్టేతందుకు ఒక స్ప్రింగు ఉండె. వదులు చేస్తే చిన్న గాలికే చక్రం పక్కకు తిరిగి కరెంటు రాకపోయేది. బిగిస్తే పెద్ద గాలికి గూడ పక్కకు తిరగకపోయేది. పోయిన నెల గట్లనే ఒక రెక్క విరిగింది. "ఇప్పేయుండ్రి" అన్నరు దీనికి పైసలిచ్చే పెద్దమనుషులు. అది పోతే నా కొలువు గూడ పోతుండె.

"గాలి వేగం రెండింతలైతే దాని శక్తి ఎనిమిదింతలైతది నర్సింలూ. స్ప్రింగేమో సాగినకొద్ది ఇంకా గట్టిగ ఎనక్కి గుంజుతది" అన్నడు సారు.

నేను జర భయపడుకుంటనే చెప్పిన. "సార్, బరువున్న బండి నొగ లేపుడు మొదట్లనే కష్టం. కొంచెం లేచినంక అల్కగైతది. తోక గూడ గట్ల మలగాలె."

సారు నవ్వలేదు. స్ప్రింగు తీసేసి, తోకకు అడ్డంగ ఇనుప చెయ్యి పెట్టి కొసకు బరువు కట్టినం. చిన్న గాలికి అది కదలదు. పెద్ద గాలికి చెయ్యి మీదికి లేస్తది, లేచినకొద్ది బరువు తేలికై తోక జల్ది మలుగుతది. గాలి తగ్గంగనే బరువే తోకను మళ్ల జాగకు తెస్తది.

మొన్న వానకు ముందు దుమారం లేచింది. నేను కరెంటు మీటరు కాడ నిలవడ్డ. చక్రం జోరందుకుంది, తోక మలిగింది. మీటరు ముల్లు ఎక్కిన కాడనే నిలిచింది.

"ఎంతుంది?" అని గాలిమర కిందికెల్లి సారు అడిగిండు.

"గంతనే ఉంది సార్, ఎక్కుతలేదు, దిగుతలేదు."

ఆడోళ్లు బల్బుల కింద కుట్టుకుంటనే ఉన్నరు, బయట దుమారమని తెల్వనట్టు.

వచ్చే బస్సుల చింతకాయ తొక్కు పంపు. బావకు, పెద్దలకు నా దండాలు. నీ దీవెన ఉంటే చాలు.

సారు ఆ తోక బొమ్మ గీసి పెద్దమనుషులకు పంపిండు. కొలువు పక్కా అయింది. బొమ్మ కింద తన పేరు పక్కన నా పేరు గూడ నన్నే రాయమన్నడు. రాసిన అక్కా, నాయిన పేరు కలిపి.

నీ తమ్ముడు,
నర్సింలు