ఇంపెన్యాతా అనే మాట

బంగారుపాళ్యం,
జూన్ 22

నాయనకు,

నీ కూతురు ప్రశాంతి నమస్కరించి రాస్తున్నది. అమ్మా నేనూ కులాసాగా ఉన్నాం. పూణేలో, ఆ మెస్సు పొయ్యిల వేడిలో, నీ ఒళ్లు కూడా కులాసాగా ఉందనుకుంటాను. చెవి డాక్టరుకు చూపించుకున్నావా? ఫోన్లో మాట అందడం లేదంటావు కాబట్టే ఇంత పొడుగు జాబు.

మామిడి దిగింది. ఫ్యాక్టరీ గేటు నుంచి హైవే దాకా తోతాపురి ట్రాక్టర్లే. కొత్త గుజ్జు మిషన్ బిగించడానికి ఇటలీ నుంచి ఎలేనా అనే ఇంజనీరమ్మ వచ్చింది. నాకు కాస్త ఇంగ్లీషు వచ్చునని మేనేజరు నన్ను ఆమె పక్కన పెట్టాడు. ఎవరు పిలిచినా తల ఎత్తకుండా 'సోనో ఒకుపాతా' అంటుంది, పనిలో ఉన్నానని. 'నోన్ పోస్సో' అంటే కుదరదు. 'ఓ ద ఫారే' అంటే పని ఉంది. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఆపరేటరు మునస్వామన్న కూడా నేర్చుకుని, సూపర్‌వైజరు పిలిస్తే "ఉండు సార్, ఒకుపాతో" అంటున్నాడు. మగవాళ్లు చివర 'తో' అనాలట.

ఆదివారం కూడా పనేనా, సెలవే ఇయ్యరా అని పోయిన జాబులో అడిగావు. ఇస్తారు నాయనా. అసలు సంగతి అదే.

పోయిన వారం ఎలేనా తనను ఆదివారం కాణిపాకం తీసుకుపొమ్మంది. నాకు తీరదని చెప్పడానికి, ముందురోజే నేర్చుకున్న మాట వాడాను: 'సోనో ఇంపెన్యాతా'. ఆమె స్పానర్ కింద పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుని, అతని పేరేమిటని అడిగింది. ఆ మాటకు పని ఉందనీ అర్థమే, ఒకరికి మనసిచ్చి ఉన్నాననీ అర్థమేనట. పొరపాటున అన్నానని చెప్పి తప్పుకోవచ్చు. చెప్పలేదు. మునిప్రసాద్ అన్నాను.

అతను చిత్తూరులో బస్సుల మెకానిక్. మనవాళ్లు కారు. ఆరు నెలలుగా నా ఆదివారాలు అతనితోనే గడుస్తున్నాయి. అమ్మకు ఓవర్‌టైం అని అబద్ధం చెప్పాను. ముందు నీకు చెప్పాల్సిన పేరు నిన్నగాక మొన్న వచ్చిన మనిషికి చెప్పాను. అందుకు సిగ్గుగా ఉంది. కానీ ఆ పేరు ఒకసారి పైకి అన్నాక ఇక దాచబుద్ధి కాలేదు. నిన్న అమ్మకు చెప్పాను. "మీ నాయనకు నువ్వే రాయి" అంది.

ఈ ఇటలీ మాట సంగతి మునిప్రసాద్‌కు చెబితే నవ్వలేదు. "మీ నాయన యాడుండాడో అడ్రస్ ఇయ్యి. నేనే పొయ్యి అడుగుతా," అన్నాడు.

ఇచ్చాను. వచ్చే నెల ఐదో తేదీన రైలెక్కుతున్నాడు. నువ్వు ఎంత కోప్పడినా ఇద్దరం పడతాం. అతనికి ముందు అన్నం పెట్టు, ఆ తర్వాత కోప్పడు.

ఇట్లు,
నీ చిన్నకూతురు
ప్రశాంతి