నా చేతి పొట్లాలు

గరివిడి, 12-5-68

లక్ష్మణమ్మకు,
నేను కులాసా. నీ దగ్గు గురించే దిగులు. ఈ ఉదయం మీ తమ్ముడు చినబాబు నౌపడ నుంచి నీ మాత్రల సీసా తెచ్చి నా ముందు పెట్టాడు. నేనిటు వచ్చాక ఒక్కటీ మింగలేదట. "బావ సేత్తో ఇస్తేనే పనిసేస్తాయి" అన్నావట! నాకేం హస్తవాసి లేదే, రోజూ మింగబట్టి తగ్గింది. డాక్టరుగారు ఏడాదిన్నర మానొద్దన్నారు. చెబితే నువ్వు వింటావా? అందుకే ఒక్కో మాత్రా నా చేత్తో పొట్లం కట్టి వాడితో పంపుతున్నాను.

ఇల్లు కప్పడానికి తాటాకు దొరికిందా? ఉప్పుమడుల్లో పనికి వెళ్లకు. అమ్మకు దండాలు.

ఈ ముక్క చదివిపెట్టేవాళ్లు నవ్వితే నవ్వనీ. రోజూ పొద్దున్న మా ఫ్యాక్టరీ ఏడింటి కూత వేసేటప్పుడు నౌపడ వైపు చెయ్యి చాపి నిలబడతాను. అక్కడ నువ్వా వేళకి పొట్లం విప్పి మాత్ర అందుకో.

నీ బావ
జగన్నాధం