మూడో అంతస్తు తలుపు

మార్చి 4
కోర్టు నోటీసులు పంచే ఉద్యోగానికి మోకాళ్లే పెట్టుబడి. నావి ఎప్పుడో దివాలా తీశాయి. ఇవాళ పదకొండు నోటీసులు. పది చేతికే ఇచ్చాను. పదకొండోది మూడో అంతస్తులో అద్దెకున్న ఒకావిడకి. ఇల్లు ఖాళీ చేయించమని ఓనరు వేసిన కేసు. లిఫ్టు లేదు. మోకాలు ససేమిరా అంది. కింద గేటుకి అంటించేసి, రిపోర్టులో మాత్రం ఇంటి తలుపుకి అంటించానని రాశాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎన్నిసార్లు రాయలేదు!

మార్చి 29
మూడో అంతస్తావిడ కోర్టుకి రాలేదట. నోటీసు అందినా రాలేదని, ఆవిడ మాట వినకుండానే ఖాళీ చేయమని ఆర్డరిచ్చేశారు. రాకపోతే నేనేం చేసేది?

ఏప్రిల్ 11
ఆవిడ టైలరట. ఆర్డరు చూసి లబోదిబోమంటూ లాయరు దగ్గరికి పరిగెత్తింది. అసలు నోటీసే అందలేదని పిటిషన్. పదహారున నేను సాక్ష్యం చెప్పాలి.

ఆ గేటు వాచ్‌మన్‌ని కదిపి చూశాను. గేటు మీద ఏ కాగితం కనబడినా పొద్దున్నే పీకి పారేయడం తన డ్యూటీ అన్నాడు.

మా ఆవిడకి చెప్పాను. రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలుంది, ఉద్యోగం ఊడగొట్టుకోకుండా నోరు మూసుకోమంది.

ఏప్రిల్ 14, మధ్యాహ్నం
తలుపు ఏ రంగని ఆవిడ లాయరు అడిగితే? చూసి రావాలని వెళ్లాను. మెట్ల మీద మూడుసార్లు ఆగాను. పచ్చ తలుపు. గొళ్లెం పక్కన సుద్దతో రాసుకున్న కొలతలు.

నేను బట్టలు కుట్టించుకోవడానికి వచ్చాననుకుంది. రొప్పుతున్నానని కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. లోపల రెండు మిషన్లు, మంచం మీద కదల్లేని అత్తగారు. ఇల్లు ఖాళీ చేయమంటున్నారు, ఈవిడని ఎత్తుకుని ఎక్కడికి పోవాలో తెలియడం లేదని నేను అడక్కుండానే చెప్పింది. ప్యాంటు గుడ్డ తెస్తానని చెప్పి వచ్చేశాను. సిగ్గులేని వెధవని.

ఏప్రిల్ 16
లాయరు అడగనే అడిగాడు. పచ్చ రంగన్నాను. సుద్ద రాతలు కూడా చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది.

తర్వాత టైలరమ్మ బోనెక్కింది. ఓనరు లాయరు నన్ను చూపించి, ఈయన మీ ఇంటికి వచ్చాడా లేదా అని ఒక్కటే అడిగాడు. ఆవిడ గుర్తుపట్టింది.

"వచ్చారండి. మంచినీళ్లు కూడా ఇచ్చాను."

వచ్చింది మొన్ననేనని ఆవిడ చెప్పబోతే, అడిగినదానికే జవాబు చెప్పమని గద్దించాడు. జడ్జిగారు రాసుకున్నారు. ఆర్డరు ఇరవై ఒకటిన.

ఏప్రిల్ 18
అన్నం సయించడం లేదు. మా ఆవిడ కారణం తెలిసి కూడా గ్యాస్ మాత్రలిస్తోంది.

ఏప్రిల్ 21
జడ్జిగారు ఆర్డరు చదవడం మొదలుపెట్టారు. నన్నెవరూ పిలవలేదు. వెళ్లి బోనులో నిలబడ్డాను.

"నోటీసు రోజు నేను ఆ మెట్లు ఎక్కలేదండి."