అన్నం మధ్యలో లేచి వెళ్ళినవాడికి

నాయనా ఆండర్స్,

మనీలాలో ఎవరింట్లో ఉన్నావో, ఏం తింటున్నావో. మీ దేశానికి టికెట్టు కొన్నావని విన్నాను.

నా బిడ్డ లూసింగ్‌ని ఇంట్లో శవపెట్టెలో పడుకోబెట్టిన రోజుల్లో నువ్వు చీపురు పట్టావు. చావింట్లో ఊడిస్తే ఇంకో ప్రాణం పోతుందని మా వాళ్ళ భయం. నీకెవరు చెప్పారు గనక? చూడవచ్చేవాళ్ళకి ఇల్లు శుభ్రంగా ఉండాలనుకున్నావు. పక్కింటి పాసింగ్ నోరు తెలిసిందే కదా. "ఏమ్మా, మీ తెల్లల్లుడు మిగిలినవాళ్ళని కూడా ఊడ్చేస్తాడా ఏమిటి?" అంది. నీకు మా భాష అంత బాగా రాకపోయినా బాగుండేది.

పెళ్ళాం పోయాక ఇక్కడ నాకెవరున్నారు అన్నావట. నేను లేనా?

అంత్యక్రియల మర్నాడు అన్నం మధ్యలో లేచి, సంచీ తీసుకుని వెళ్ళిపోయావు. భోజనాల వేళ ఎవరు బయల్దేరినా, క్షేమంగా తిరిగి రావాలని తినేవాళ్ళు తమ పళ్ళెం గుండ్రంగా తిప్పితే మొదట్లో నవ్వేవాడివి. తర్వాత లూసింగ్ చేపల బజారుకి లేచినా అందరికన్నా ముందు నీ పళ్ళెమే తిరిగేది. నువ్వు గడప దాటగానే నేను నా పళ్ళెం తిప్పాను. పోయిన బిడ్డకని బల్లమీద వేరేగా వడ్డించాం చూడు, ఆ పళ్ళెం కూడా తిప్పాను.

మేమిద్దరం అడుగుతున్నాం. వచ్చెయ్యి నాయనా.

నువ్వు నానాయ్ అని పిలిచే
అమ్మ