నాన్న పిట్టను అప్పగించిన రోజు

మూసోమిన్,
ఆదివారం.

చిట్టితల్లి లారిసాకు,

అమ్మ ముద్దులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. పోలీసు శిక్షణలో నీ కాళ్ల బొబ్బలు తగ్గాయా? నేను పంపిన బంగాళాదుంప పెరోగీలు గదిలో వాళ్లకీ పెట్టావా, ఒక్కదానివే తినేశావా?

నాన్న కారులోంచి రాడార్ డిటెక్టర్ తీసేశారా అని పోయిన ఉత్తరంలో అడిగావు. దారిలో పోలీసులు వేగం కొలుస్తుంటే ముందే కిచకిచమంటుందని ఆయన దాన్ని పిట్ట అని ముద్దు చేస్తారుగా. మన సస్కాచెవాన్‌లో అది తప్పు కాదు. అది నేరమైన పక్క రాష్ట్రం మానిటోబాలోకి వెళ్లేటప్పుడు మాత్రం, ఊళ్లో అందరిలాగే సరిహద్దు బోర్డు దగ్గర ఆగి, వైరు పీకి, డాష్‌బోర్డు అరలో పెట్టేవారు. ఆపేసి ఉంచినా అక్కడ నేరమేనని నువ్వు రాసింది చదివితే, "నిద్రపోయే పిట్టను కూడా పట్టుకుంటారా ఏంటి?" అని నవ్వారు.

గురువారం మీ అత్త స్టెల్లాను చూడడానికి సరిహద్దు దాటి మానిటోబాలోని వర్డెన్ వెళ్తుంటే, జోరు కాస్త ఎక్కువైందని పోలీసు ఆపింది. నీ ఈడు పిల్ల, ఒక్కతే ఉంది. గాలికి టోపీ నిలవడం లేదు పాపం.

"అద్దం మీద ఏదో అంటించి పీకిన గుండ్రటి మచ్చ ఉందే. కారులో డిటెక్టర్ గానీ ఉందాండీ?" అంది.

ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. నీ ఉద్యోగానికి మా వల్ల అడ్డొస్తుందేమోనని భయమేసి, "అబ్బే, ఎప్పుడో పారేశాం తల్లీ" అనేశాను. పోలీసు కాబోయే పిల్ల తల్లినై ఉండి, ఇంకో పోలీసు పిల్ల మొహం చూస్తూ అబద్ధమాడాను. ఆ పిల్ల నమ్మేసింది, వెళ్లమంది కూడా.

మీ నాన్న కారు కదల్చలేదు. అర తెరిచి పిట్టను తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ఉందమ్మా. మా ఆవిడ కంగారులో అంది. ఆపేసినా నేరమేనని మా అమ్మాయి చెప్పింది, నేనే వినలేదు. తనూ మీలాగే పోలీసు శిక్షణలో ఉంది."

ఆమె జరిమానా రాసి, పిట్టను తీసుకుంది. "మీ అమ్మాయి పాఠాలు బాగానే వింటోందండీ. ఆమెకేం భయం లేదు" అని నవ్వింది.

కొంతదూరం వెళ్లాక ఆయన అన్నారు: "రేపు మన పిల్లా ఇలాగే గాలిలో ఒక్కతే నిలబడి అడుగుతుందే. ఏ ముసలోడో దాని మొహాన అబద్ధం చెబితే నాకెలా ఉంటుంది?"

నన్ను ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మీద నాకింత గౌరవం ఎప్పుడూ కలగలేదు. నువ్వు తిట్టు, పడతాను.

నీ శిక్షణ ముగింపు కవాతు మధ్యాహ్నమే అయినా మేం తెల్లారకముందే బయలుదేరతాం. ఇప్పుడు మమ్మల్ని ట్రాక్టర్లు కూడా దాటిపోతున్నాయి.

ఇట్లు,
మీ నాన్నను మళ్లీ కొత్తగా చూస్తున్న
అమ్మ