తెరిచిన కిటికీలు

గుమ్మడిదల

ప్రియమైన నిహారికకు,

ఇక్కడ నేను, మన ఇల్లు, నువ్వు నాటిన కరివేపాకు మొక్కతో సహా క్షేమం. నారాయణఖేడ్‌లో నువ్వు, అత్తమ్మ, మామయ్య, మన అంకిత బాగున్నారని నమ్ముతున్నాను. ఫోనుండగా మళ్లీ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే అంకిత లాక్కుంటుంది, ఇక నీతో మాట్లాడే భాగ్యం నాకెక్కడిది?

పాపకు ఆయాసం తగ్గిందని రాశావు. చాలా సంతోషం. ఇక్కడి రసాయనాల కంపెనీల కంపుకు దూరంగా ఉండబట్టే తగ్గింది. వచ్చే నెలలో ఇంటికి వచ్చేయమంటావా అని మళ్లీ అడిగావు. దానికి చివర జవాబు రాస్తాను. గ్యాస్ బండ తెచ్చాను. వంట నేనే చేసుకుంటున్నాను గానీ, కూర మాడిన సంగతి తిన్నాకే తెలుస్తోంది.

గోవా సంగతులన్నీ రాయమన్నావు. ఏడాదిగా ప్రమాదం జరగలేదని మా సాల్వెంట్ సెక్షన్ వాళ్లను కంపెనీ బస్సులో తీసుకెళ్లింది. మొదటిరోజు సముద్రం. సమద్ భాయ్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ధీమాగా దిగాడు. అల రాగానే సూపర్‌వైజర్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏడాదంతా ఆయన మీద లేని ప్రేమ అప్పుడు పుట్టింది.

మరునాడు నేషనల్ పార్కు. ఎటు చూసినా అడవి కప్పిన కొండలే. జీపు వాగులు దాటుతుంటే నీళ్లు మా కాళ్ల దగ్గరికి వచ్చాయి. జలపాతం చూడాలి నిహారికా, పాలు పొంగి గిన్నె మీది నుంచి కారినట్టే ఉంది. లైఫ్ జాకెట్ వేసుకుంటే గానీ నీళ్లలోకి దిగనివ్వరు. నా పొట్టకు దాని బెల్టు అందలేదు.

తిరిగి వస్తుంటే గైడు బాటలో రాలిన ఒక ఆకును నలిపి, ఇదేమిటో చెప్పండని అందరికీ ఇచ్చాడు. సమద్ భాయ్ ముక్కు దగ్గర పెట్టుకోగానే, "అరె, దాల్చినచెక్క వాసన! బగారన్నం యాదికొస్తుంది, ఆకలైతుంది" అన్నాడు. నా చేతికి వచ్చింది. నాకేమీ తెలియలేదు. ఇంకా నలిపి చూశాను. "సర్దయిందా అన్నా?" అని సమద్ భాయ్ అడిగాడు. నాకు జలుబు లేదు. ఇంటికి వచ్చి ఇంగువ డబ్బా తెరిచాను, ఫినాయిలు సీసా మూత తీశాను. ఏ వాసనా రాలేదు. ప్రయాణం బడలికేమో, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. ఇక్కడ కంపు తగ్గిందని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం కాదు. కంపెనీలు బుద్ధి తెచ్చుకున్నాయని నిజంగానే సంబరపడి, ఇన్నాళ్లూ కిటికీలు తెరిచే పడుకున్నాను. మొన్న సాయంత్రం పక్కింటి అరుణమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వచ్చింది.

"ఏంది చంద్రకాంత్, కిటికీలన్నీ బార్ల తెరిసినవ్? గీ కంపు నీకొస్తలేదా?"

"కంపు మల్ల ఎప్పటి సంది వస్తుంది?" అని అడిగాను.

"ఎప్పుడు తగ్గిందని?" అంది.

కంపు అట్లాగే ఉంది. పోయింది నా ముక్కే. సంగారెడ్డిలో డాక్టరుకు చూపించుకున్నాను. వాసన తిరిగి వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. సాల్వెంట్ల దగ్గర వాసన తెలియని మనిషి పనిచేస్తే, అవి కారినా పసిగట్టలేడు, నలుగురికీ ముప్పు, అందుకే సూపర్‌వైజర్‌కు చెప్పేశాను. ప్యాకింగ్‌కు మారుస్తామన్నారు.

నువ్వు సామాను సర్దుతున్నావని తెలుసు. విప్పేయి. పాపను ఇక్కడికి తేవద్దు. నా మాట నమ్మి మీరు వచ్చేసి ఉంటే పాప ఆయాసం మళ్లీ మొదటికి వచ్చేది. సంగారెడ్డిలో కిరాయి ఇల్లు వెతుకుతున్నాను. దొరికేదాకా సెలవు దొరికినప్పుడల్లా నేనే వస్తాను.

నిన్న బీరువాలో అంకిత వేసి విడిచిన గౌను ఒకటి కనిపించింది. ముఖానికి ఆనించుకొని చాలాసేపు కూర్చున్నాను. బట్ట మెత్తగా ఉంది, అంతే. ఈ ఆదివారం వస్తాను. పాపను ఎత్తుకున్నప్పుడు నాకు ఏడుపు వస్తే, అత్తమ్మ ముందు ఏమైందని అడగకు.

ఇట్లు,
అంకిత నాయిన,
చంద్రకాంత్