గురువారం డబ్బా

సెప్టెంబర్ 4, గురువారం

డబ్బా వచ్చింది. ఈసారి కూడా వనిల్లా ఐస్‌క్రీమ్ డబ్బానే, మూత చుట్టూ టేప్. లోపల ఐస్‌క్రీమ్ తప్ప ఏదైనా ఉండొచ్చు.

తెచ్చింది శశి, నా తమ్ముడు. ఆఫీస్ నుంచి వెళ్తూ మా లాబీలో నా చేతికిచ్చి పోతాడు. వండి పంపేది రోవేనా వాళ్ళమ్మ, టీటా నెలీ. ఫిలిపీన్స్ వాళ్ళు ఆంటీని టీటా అంటారట. రోవేనా అంటే శశి పెళ్ళి చేసుకుంటానంటున్న అమ్మాయి. హాస్పిటల్‌లో నర్స్. మంచి పిల్ల. ఆ ముక్క మనస్ఫూర్తిగానే రాస్తున్నాను.

మేం బీఫ్, పోర్క్ తినం అని శశి ఆవిడకి ముందే చెప్పాడు. ఆవిడ అవి వేయదు. చికెన్ వండుతుంది, చేపలు వండుతుంది. వండితే ఏం? అదే మూకుడు, అదే గరిటె కదా. మా ఆయన హర్ష కాల్‌లో ఉన్నాడు, మా అమ్మాయి వేద డ్రాయింగ్ క్లాస్‌కి వెళ్ళింది. డబ్బా ఇంట్లోకి కూడా తేలేదు. లిఫ్ట్ దిగి నేరుగా ట్రాష్ రూమ్‌కి వెళ్ళి చూట్‌లో, అదే చెత్త కిందికి జారే గొట్టంలో, వేసేశాను. కింద పడిన చప్పుడు వినకుండా గబగబా వచ్చేశాను.

మొదలుపెట్టి రెండు నెలలు దాటింది. ఇప్పుడు ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ కూడా చూడను.

సెప్టెంబర్ 5, శుక్రవారం

శుక్రవారం కాబట్టి చైనీస్. మాకదొక వ్రతం అయిపోయింది. హర్ష, వేద, నేను, శశి, రోవేనా. గ్రోవ్ స్ట్రీట్ దగ్గర ఆ చిన్న రెస్టారెంట్, కిటికీ పక్క టేబుల్. చిల్లీ ఆయిల్ డంప్లింగ్స్, రొయ్యల నూడుల్స్, వెల్లుల్లి వేసిన వంకాయ. చివరి డంప్లింగ్ కోసం శశితో చాప్‌స్టిక్స్ యుద్ధం చేసి గెలిచాను. చిన్నప్పుడు నా కంచంలో అప్పడాలు లాక్కునేవాడు వెధవ, కక్ష తీరింది. రోవేనా నవ్వీ నవ్వీ నీళ్ళు ఒలకబోసుకుంది. పక్క టేబుల్‌కి పోర్క్ బన్స్ వస్తే అవేంటని వేద అడిగింది. బన్స్ అని చెప్పి ఊరుకున్నాను.

అంతా బాగుంది అనుకుంటుంటే, నిన్న అమ్మ పంపిన చికెన్ అడోబో ఎలా ఉందని రోవేనా అడిగింది. సూపర్, ఒక్క ముక్క మిగల్లేదు అన్నాను. తడుముకోలేదు కూడా. ఆ పిల్ల అప్పటికప్పుడు వాళ్ళమ్మకి మెసేజ్ పెట్టేసింది. ఆవిడ హార్ట్‌ల మీద హార్ట్‌లు పంపింది. రోవేనా ఫోన్ నా మొహం ముందు పెట్టి చూపించింది.

చూశాను. నవ్వాను. ఛీ.

సెప్టెంబర్ 8, సోమవారం

ఎవరైనా డబ్బా నిండా ఏదైనా పంపితే మనం ఊరుకోకూడదు కదా. ఏదో ఒకటి తిరిగి పంపాలి. ఇండియన్ స్టోర్‌లో సున్నుండలు కొన్నాను. స్టికర్ పీకేసి మన స్టీలు డబ్బాలోకి మార్చి, నేనే చేశానని చెప్పమని శశికిచ్చాను. వాడు నిజమే అనుకున్నాడు. అక్కా, నీకు ఓపికెక్కువే అన్నాడు.

సెప్టెంబర్ 11, గురువారం

డబ్బా. చూట్.

సెప్టెంబర్ 19, శుక్రవారం

నా సున్నుండలు టీటా ఫ్రిజ్‌లో దాచుకుందట. రోజూ ప్రార్థన అయ్యాక ఒక్కటే తింటుందట, అయిపోతాయని. రోవేనా చెప్పింది. ఇంకోసారి చేసి పంపుతాను అన్నాను. నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది.

ఈ ఆదివారం కాక పై ఆదివారం వాళ్ళింట్లో మాకు లంచ్. వాళ్ళలో ఒక పద్ధతి ఉందట. అబ్బాయి తరపు పెద్దవాళ్ళు వంటలు పట్టుకుని అమ్మాయి ఇంటికి వెళ్ళి పిల్లనివ్వమని అడగాలట. నవంబర్‌లో అది పెట్టుకుందామని శశి అన్నాడు. ఈ లంచ్ దానికి ముందు ఊరికే పరిచయం. నాకు పెద్దదిక్కు నువ్వేగా అక్కా, అడగాల్సింది నువ్వే అన్నాడు. అమ్మ పోయినప్పుడు వాడు టెన్త్. అప్పటి నుంచి వాడికి అన్నం పెట్టింది నేనే. ఆ మాట వాడు మామూలుగానే అన్నాడు.

సెప్టెంబర్ 25, గురువారం

ఈసారి డబ్బా బరువుగా ఉంది. చికెన్ అయ్యుంటుంది. చూట్.

సెప్టెంబర్ 28, ఆదివారం

రాయకపోతే ఊపిరాడేట్టు లేదు.

టీటా ఇల్లు వెస్ట్ సైడ్‌లో, కింది అంతస్తు. తలుపు తీయగానే హలో కూడా అనకుండా తిన్నారా అని అడిగింది. లంచ్‌కి పిలిచి తిన్నారా అని అడగడమేమిటని వేద నవ్వింది. వాళ్ళింటికి మెయిల్ తెచ్చే అతన్ని కూడా అలాగే అడుగుతుందట. టేబుల్ మీద ఖాళీ లేదు. చికెన్, వేయించిన చేప, సన్న సేమ్యా లాంటి నూడుల్స్, చింతపండు పులుసు, గిన్నెడు అన్నం. హర్ష సిగ్గుపడకుండా తిన్నాడు. వేద రెండోసారి పెట్టించుకుంది. నేను కడుపు బాగాలేదని చెప్పి అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ఆవిడ నా వీపు నిమిరి అల్లం టీ పెట్టిచ్చింది.

అంతటితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. గురువారం పంపింది నచ్చిందా అని ఆవిడ అడిగింది. ఎదురుగా ఏమీ తినడం లేదు, ఆ మాటకైనా బాగా జవాబివ్వాలని, అబ్బ, ఆ చికెన్ అద్భుతం టీటా, మా ఇంట్లో కొట్టుకుని తిన్నాం అన్నాను.

రోవేనా తలెత్తి చూసింది. ఏ చికెన్ అమ్మా అని వేద అడిగింది.

అది చికెన్ కాదు. ఫ్లాన్. గుడ్లూ పాలూ పోసి చేసే పుడ్డింగ్. శనివారం నా పుట్టినరోజని శశి ముందే చెబితే ఆవిడ కూర్చుని చేసి పంపింది. ఇదంతా నాకు తర్వాత శశి చెప్పాడు. అక్కడ మాత్రం టీటా ఒక్క క్షణం నన్ను చూసింది. ఒక్క క్షణమే. వెంటనే రోవేనా వైపు తిరిగి, ఫ్లాన్‌తో పాటు కొంచెం చికెన్ కూడా పెట్టానులే, నీకు చెప్పడం మర్చిపోయాను అంది. వేదని మామిడిపండు ఇష్టమేనా అని అడిగి చెయ్యి పట్టుకుని వంటగదిలోకి తీసుకెళ్ళింది.

నా కోసం, నా ఎదురుగా, తన కూతురితో అబద్ధం చెప్పింది. తిట్టినా బాగుండేది. తల తీసేసినట్టయింది.

బయటికొచ్చాక పార్కింగ్‌లో శశి నన్ను పక్కకి పిలిచాడు. ఎన్నాళ్ళుగా పారేస్తున్నావని అడిగాడు. మొదటి నుంచీ అన్నాను. ఎందుకన్నాడు. అదే మూకుడు కదరా అన్నాను. వాడు నవ్వాడు, కానీ అది నవ్వు కాదు. మన కోసం ఆవిడ వేరే మూకుడు, వేరే గరిటె కొనిపెట్టుకుందట. హ్యాండిల్‌కి ఎర్ర టేప్ చుట్టి మరీ ఉంచుతుందట, ఇంట్లో ఎవరూ పొరపాటున వాడకుండా. నవంబర్‌లో నువ్వు రానక్కర్లేదక్కా, నేనే వెళ్ళి అడుక్కుంటాను అన్నాడు. కారెక్కలేదు. ట్రెయిన్‌లో వెళ్తానని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

హర్ష ఏమైందని అడిగాడు. చెప్పలేదు.

అక్టోబర్ 2, గురువారం

ఇవాళ దసరా. డబ్బా రాదనుకున్నాను. వచ్చింది.

శశి తేలేదు. రోవేనానే డ్యూటీకి వెళ్తూ లాబీలో ఇచ్చింది. హ్యాపీ దసరా అక్కా అంది, శశి నేర్పినట్టున్నాడు. పొద్దున్నే లేచి అమ్మ మీ కోసం చేసింది అంది. ఆ పిల్లకి ఏమీ తెలియదు. వాళ్ళమ్మ చెప్పలేదు, శశి చెప్పలేదు. ఇద్దరూ నా పరువు కాపాడుతున్నారు.

ఈసారి ఇంట్లోకి తెచ్చి టేప్ తీశాను. చింతపండు పులుసు. రొయ్యలు, ముల్లంగి, ఏదో ఆకుకూర. మన పులుసు వాసనే. నిజం చెప్పాలంటే నోట్లో నీళ్ళూరాయి. స్పూన్ పట్టుకుని నిలబడ్డాను. నోటి దాకా వెళ్ళలేదు.

మూత పెట్టి చూట్‌లో వేశాను. మూకుడు సంగతి తెలిశాక కూడా. ఇప్పుడు చెప్పుకోవడానికి సాకు కూడా లేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

శశి, రోవేనా రాలేదు. ముగ్గురమే వెళ్ళాం. డంప్లింగ్స్ మిగిలిపోయాయి, ఎవరూ కొట్టుకోలేదు.

వంటగది కిటికీలోంచి వంటవాడు కనిపిస్తున్నాడు. ఒకే మూకుడు. పోర్క్ వేయించాడు, నీళ్ళు కొట్టి తుడిచాడు, మా నూడుల్స్ వేశాడు. ఇన్నేళ్ళుగా వస్తున్నాను, ఒక్కనాడు అడిగానా? లేదు. హాయిగా తిన్నాను. ఇవాళ కూడా తిన్నాను.

అంటే మూకుడు కాదు. రెస్టారెంట్‌లో తింటే బిల్లుతో సరి. కార్డ్ గీకి లేచి వచ్చేస్తాం, వండినవాడెవడో మనకక్కర్లేదు. ఆవిడ వండింది తింటే ఆవిడ వియ్యపురాలు అవుతుంది. తిన్న ఇంటికి పిల్లనడగడానికి వెళ్ళాలి. వెళ్తే శశి వాళ్ళవాడైపోతాడు. ఆ ఇంట్లో వాడు తినేటప్పుడు చూశాను ఆదివారం. ఎవరూ వడ్డించకుండా గిన్నె తనే దగ్గరికి లాక్కుని, అన్నం తనే పెట్టుకుని తింటున్నాడు. నా ఇంట్లో తిన్నట్టే. నా కుళ్ళు అది. కులం కాదు, మతం కాదు, మడి అంతకన్నా కాదు. ముప్పై దాటిన తమ్ముడు ఇంకో ఇంట్లో కడుపు నిండా తింటుంటే ఓర్వలేక, పెద్దావిడ వండిన అన్నం చెత్తలో వేస్తున్నాను. ఇన్ని ఇంటర్‌వ్యూలు చేసి ఇంతమందిని మేనేజ్ చేసే మనిషిని. థూ నా బతుకు.

అక్టోబర్ 9, గురువారం

డబ్బా వచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టాను. పారేయలేదు. తినలేదు. పాల కోసం తలుపు తీసినా అదే కనిపిస్తోంది.

అక్టోబర్ 11, శనివారం

ఉండబట్టలేక టీటా ఇంటికి వెళ్ళాను. ఫోన్ చేయలేదు, చేస్తే వెళ్ళే ధైర్యం పోతుందని. రోవేనా డ్యూటీలో ఉంటుందని తెలిసే వెళ్ళాను. ఆ లెక్కలు నాకు బాగా వచ్చు.

తలుపు తీసింది. రమ్మంది. కూర్చోమంది. మంచినీళ్ళిచ్చింది.

తిన్నావా అని అడగలేదు.

పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. ఇల్లంతా వెల్లుల్లి వాసన. ఆవిడ నా ఎదురుగా కూర్చుని టేబుల్ గుడ్డ మడతలు సరిచేస్తోంది. నేను దారి పొడుగునా ఇంగ్లిష్‌లో ప్రాక్టీస్ చేసుకున్న మాటలన్నీ చెప్పాను. సారీ అన్నాను. ఒకటికి నాలుగుసార్లు అన్నాను. సున్నుండలు కొట్లో కొన్నానని కూడా చెప్పేశాను. ఆవిడ మొహం అప్పుడు ఒక్కసారి చిన్నబోయింది. డబ్బాల కన్నా దానికే ఎక్కువ బాధపడినట్టుంది.

తెలిశాక కూడా ఎందుకు పంపుతున్నారని అడిగాను. ఆపేస్తే రోవేనా ఎందుకు ఆపావని అడుగుతుంది కదా అంది. అంతే. నా కూతురు ఆ ఇంట్లోకి రావాలనుకుంటోంది, ఆ ఇల్లు తన తల్లి వంట చెత్తలో వేస్తుందని దానికి తెలియకూడదు అంది. గొంతు పెంచలేదు. పారేస్తావని తెలిసీ ఉప్పు సరిచూసి మరీ వండానంది, ఉప్పు చూడకుండా వండటం తనకు చేతకాదట. తినమని నిన్ను అడగడం లేదు, రోవేనాకి మాత్రం చెప్పకు అంది.

ఏడుపొచ్చింది. ఆవిడ టిష్యూ డబ్బా నా వైపు జరిపింది. వీపు నిమరలేదు.

గ్లాసులో నీళ్ళు పూర్తిగా తాగి వచ్చేశాను. ఆకలిగా ఉంది, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఒక్కసారి తిన్నావా అంటే లేదనేదాన్ని. మనం ఎప్పుడూ అడిగించుకునే రకం కదా. వద్దు వద్దంటూ మూడుసార్లు బతిమాలించుకుని గానీ కంచం ముందు కూర్చోం. నోరు తెరిచి అన్నం పెట్టమని పరాయి ఇంట్లో ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

కార్‌లో కూర్చునే ఇదంతా రాస్తున్నాను. పరాయి ఇల్లని రాశాను పైన. కొట్టేయను, ఉండనీ.

అక్టోబర్ 12, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను.

పిల్లనడగడానికి వెళ్ళాల్సినదాన్ని, గుమ్మంలోనే ఆకలేస్తోంది, అన్నం పెట్టండి అన్నాను. ఇంగ్లిష్‌లో అంటుంటే ఆ మాట ఇంకా సిగ్గుగా అనిపించింది.

చర్చి నుంచి ఇప్పుడే వచ్చాను, ఏమీ వండలేదంది. నేను కదల్లేదు. చల్లన్నం వెల్లుల్లి వేసి వేయించింది. పైన గుడ్డు వేసింది. స్పూన్ ఇచ్చింది, చేత్తో తిన్నాను. ఆవిడ కూర్చోలేదు. గట్టుకి ఆనుకుని చేతులు కట్టుకుని, నేను మింగుతున్నానో లేదో చూస్తూ నిలబడింది.

ప్లేట్ ఖాళీ అయింది.

ఇంకొంచెం పెట్టమని నేనే అడిగాను.